ఖాఫ్ మీద ఒక్క చుక్క

ఉస్తాద్ హంబలికి ఏదైనా ఒక సంగతి తెలియలేదంటే ఆ పూట గొంతులో ముద్ద దిగదు. ఇలోరిన్ ఊళ్లో పకట పేటలోని ప్రభుత్వ హైస్కూల్లో పదహారేళ్లుగా అరబీ, ఇస్లాం ధర్మం చెబుతున్న మనిషి. ఆ బడి లైబ్రరీలో ఉన్న అరబీ పుస్తకాలు పదకొండు. అందులో నాలుగు ఒకే పుస్తకానికి ప్రతులు. ఇంకో మూడింటిని చెదపురుగులు ఆమూలాగ్రం చదివి ముగించాయి. అందుకని అనుమానం వచ్చిందంటే ఉస్తాద్ మనుషుల మీద పడతాడు. మంగలి గడ్డం గీస్తుండగా పక్క కుర్చీలో ఉన్న ఖాజీ గుమాస్తాను అడుగుతాడు. కూడలిలో మోటార్‌సైకిల్ ఆపి, పక్క కారులో ఉన్న ఇమామును అద్దం దింపించి మరీ అడుగుతాడు. ఒకసారి శవాన్ని గోతిలోకి దించుతూ, కాళ్ల వైపు పట్టు వదలకుండానే, పోయినాయన చెల్లెలికి ఆస్తిలో వాటా వస్తుందా రాదా అని పక్కనున్న పెద్దాయన్ని అడిగాడు. పిల్లలు అతనికి 'ఎందుకు ఉస్తాద్' అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి అతనికీ తెలుసు. కోపం లేకపోగా లోలోపల కాస్త గర్వం కూడాను.

ఇంత సిగ్గులేకుండా అడిగే మనిషికి ఒకే ఒక్క విషయంలో అడగడం నామోషీ. అది మా ఊరి తాతల అరబీ చేతిరాత. చిన్నప్పుడు, పాతకాలపు ఖురాన్ బడి నడిపే బాబా రుఫాయి అరుగు మీద చెక్కపలక పట్టుకుని ఖురాన్ ముగించాడు. ఆ తర్వాతే బాబా తోలు సంచుల్లోంచి రాతప్రతులు తీసి పిల్లల ముందు పరిచేది. అప్పటికి హంబలి సర్కారు బడికి, అక్కణ్నుంచి స్కాలర్‌షిప్ మీద కైరోకి వెళ్లిపోయాడు. నాలుగేళ్లు నిగనిగలాడే అచ్చు పుస్తకాలు చదివి వచ్చాడు. వచ్చిన కొత్తలో "ఆ కోడి కెలుకుళ్లు కూడా ఒక చదువేనా" అని నలుగురిలో అనేశాడు. బాబా చెవిన పడింది. ఆయన కోలా కాయ నములుతూ నవ్వి ఊరుకున్నాడు. మా ఇలోరిన్ పెద్దలు నవ్వి ఊరుకుంటే భయపడాలి. హంబలికి ఆ వయసులో అది తెలియలేదు.

మొన్న ఆదివారం సంబో లోగిలి పెద్దలు అతనికి కబురు పెట్టారు. అది అత్తవారి లోగిలే. మూడు తరాల కిందట అల్ఫా సంబో అనే పండితుడు వచ్చి కట్టిన ఇల్లు. ఇప్పుడు అందులో రెండు శాఖలు. తూర్పు వైపు గదులన్నీ సంబో సంతానం. పడమటి వైపువి సంబోతో పాటు వచ్చిన సాలిము సంతానం. లోగిలి పెద్ద పోయి మూడు నెలలైంది. వయసులో, మంచితనంలో అందరికంటే ముందున్నవాడు పడమటి వైపు అల్హాజీ గనీయు. హంబలికి సాక్షాత్తూ మామగారు. పెద్దరికం తలపాగా ఆయనకే కట్టాలని రెండు వైపుల ముసలివాళ్లూ అనుకున్నారు. అయితే లాగోస్‌లో సిమెంటు వ్యాపారం చేసే కమాలు అనే సంబో మునిమనవడు అడ్డం పడ్డాడు. "సాలిము ఎవరు? మాకు ఏమవుతాడు? పెట్టెలో తాతలు రాసిన కాగితం ఉందంటారుగా, చదివించండి. అందులో ఏముంటే అది" అన్నాడు. ఆ కాగితం చదవడానికే ఉస్తాద్‌ను పిలిచింది.

హంబలి కాగితాన్ని వెలుతురులోకి పట్టుకున్నాడు. సాలిము పేరున్న పంక్తి ఎక్కడో వెతికాడు. గొంతు సవరించుకుని, కైరో ఉచ్చారణతో ఖంగుమని చదివాడు. "సంబో ఈ ఊరు వచ్చినప్పుడు అతని వెంట సాలిము అనే రఫీఖ్ ఉన్నాడు." రఫీఖ్ అంటే తోడు, నేస్తం. పడమటి వైపు ఆడవాళ్లు సంతోషంతో ఉలూలని కేకలు పెట్టారు. గనీయు కళ్లు తుడుచుకున్నాడు. కమాలు భుజాలెగరేసి "సరే, నేస్తమైతే నేస్తమే" అన్నాడు. శుక్రవారం జుమా నమాజు తర్వాత తలపాగా వేడుక. అదే పంక్తిని ఊరిపెద్దల ముందు ఉస్తాద్ మళ్లీ చదవాలి. హంబలి ఆ ఒక్క పంక్తిని ఫోన్‌లో ఫొటో తీసుకుని, గాల్లో తేలుతూ ఇంటికొచ్చాడు.

మంగళవారం మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో అమలా ముద్ద గెగిరి పులుసులో ముంచుతూ, ఎడం చేత్తో అరబీ మాస్టర్ల వాట్సాప్ గుంపు చూస్తున్నాడు. ఎవరో హాస్యానికి ఒక పాత తాయెత్తు కాగితం పెట్టారు. కింద ఇలా రాశారు. "అచ్చు పుస్తకంలో ఖాఫ్ అక్షరం నెత్తిన రెండు చుక్కలు, ఫా అక్షరం నెత్తిన ఒకటి. మన తాతలు ఖాఫ్ నెత్తిన ఒకటే పెట్టి, ఫాకి చుక్కను కాళ్ల కింద పెట్టేవాళ్లు. అది తెలియని కైరో దొరలు ఇందులో ఖిర్ద్, అంటే కోతి, అని రాసుంటే ఫర్ద్, అంటే ఒంటరి మనిషి, అని చదివి కన్నీళ్లు పెట్టుకుంటారు." హంబలి అందరితో పాటు నవ్వు బొమ్మ ఒకటి పంపాడు. పంపాక చెయ్యి పులుసులోనే ఆగిపోయింది.

ఫోన్‌లో ఆదివారం నాటి ఫొటో తెరిచాడు. వేళ్లతో పెద్దది చేశాడు. ఆ మాటలో రెండో అక్షరం నెత్తిన ఒక్క చుక్క. తాతల లెక్కన అది ఫా కాదు, ఖాఫ్. రఫీఖ్ కాదు, రఖీఖ్. నేస్తం కాదు, బానిస.

అంతమంది ముందు పప్పులో కాలేశానని తెలిసేసరికి ఉస్తాద్‌కు చెమటలు పట్టాయి. దిద్దుకుంటే మామగారికి తలపాగా పోతుంది. అంతటితో పోదు. పడమటి గదుల్లో ఉన్న తొంభై మందినీ రేపట్నుంచి వీధి ఏ పేరుతో పిలుస్తుందో అతనికి తెలుసు. వాళ్లలో తన భార్య సిఫావు ఉంది, తన కూతురు బరకాతు ఉంది. దిద్దుకోకపోతే, రాసి ఉన్నదాన్ని మార్చి చదివిన పాపం శుక్రవారం నాడు తెలిసీ చేసినట్టు. పదహారేళ్లుగా పిల్లలకు "అక్షరం మీద అబద్ధం ఆడకూడదు" అని చెప్పిన నోరు అది.

మామూలుగా అయితే ఈపాటికి పది మందిని అడిగేసేవాడు. ఇప్పుడు ఎవర్నడుగుతాడు? ఇలోరిన్‌లో మధ్యాహ్నం జుహర్ నమాజు వేళ ఒక అల్ఫాను, అంటే ఒక పండితుణ్ని, అడిగిన మాట సాయంత్రం అసర్ వేళకు మూడు మసీదులు దాటుతుంది. అడగడమంటే చెప్పేయడమే. అప్పట్నుంచి ఉస్తాద్ కాలుగాలిన పిల్లయ్యాడు.

ముందు ఆ గుంపులోనే ఒక ముక్క రాశాడు. తుడిచాడు. మళ్లీ రాశాడు. "ఒక విద్యార్థి అడిగాడు. పాత రాతలన్నిటిలోనూ ఖాఫ్‌కు ఒకటే చుక్కా?" గంటలో తొంభై నాలుగు జవాబులు. ఒకాయన మొరాకో అన్నాడు, ఇంకొకాయన తింబక్తూ అన్నాడు. మూడో ఆయన తన తండ్రి పాండిత్యాన్ని తక్కువ చేశారని గుంపులోంచే వెళ్లిపోయాడు. ఆ రభసలో ఒక్క మాట హంబలికి పనికొచ్చింది. హజ్ చేసి వచ్చిన లేఖకులు కొందరు అక్కడి పద్ధతి చూసి రెండు చుక్కలకు మారిపోయారట. అయితే సంబో కాగితం రాసినవాడూ మారినవాడేమో. అప్పుడు ఒక్క చుక్కంటే ఫాయే, నేస్తమే. ఆ 'ఏమో' పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు. ఫొటోలో ఇంకో ఫా గానీ ఖాఫ్ గానీ ఉందా అని ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ఆ మాట చివరి ఖాఫ్‌కు రాసినవాడు చుక్కే పెట్టలేదు, పంక్తిలో ఇంకొకటి లేదు.

బుధవారం సెలవు చీటీ రాసి యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లాడు. రాతప్రతుల గదిలో ఉన్న అమ్మాయి పది పన్నెండు పాత కాగితాలు ముందు పెట్టింది. తొమ్మిదింటిలో ఒక చుక్క, మూడింటిలో రెండు. హంబలి తలపట్టుకున్నాడు.

"ఏ ఇంటి కాగితం గురించి ఉస్తాద్ ఇదంతా?" అంది ఆ పిల్ల ఆశగా. "తీసుకురండి, ఫొటోలు తీసి భద్రంగా పెడతాం."

"కాగితమా? కాగితం ఏం లేదమ్మా. ఊరికే, తెలుసుకుందామని" అంటూ ఒక చెప్పు సరిగ్గా తొడుక్కోకుండానే బయటపడ్డాడు.

తిరిగొస్తూ బండి దానంతటదే బాబా రుఫాయి సందులోకి తిరిగింది. హర్మటాన్ ఎడారి గాలి మోసుకొచ్చిన దుమ్ములో అరుగు మీద పిల్లలు పలకలు ఊపుతూ వల్లెవేస్తున్నారు. ఊళ్లో ఆ రాత అందరికంటే బాగా తెలిసిన మనిషి ఎదురుగా గొర్రెతోలు మీద కూర్చుని ఉన్నాడు. ఒక్క ప్రశ్న చాలు.

"ఏరా హంబలీ, అడగడానికొచ్చావా, చూడ్డానికొచ్చావా?" అన్నాడు బాబా.

నోటిదాకా వచ్చింది. కోడి కెలుకుళ్లని తను అన్నమాట గుర్తొచ్చింది. ఇంతమంది పిల్లల ముందు, ఈ వయసులో, ఖాఫ్‌కు చుక్కలెన్నని అడగడమా?

"చూడ్డానికే బాబా. ఇటు వెళుతూ."

"చూశావుగా. ఆరోగ్యంగానే ఉన్నాను" అన్నాడు బాబా, పిల్లల వైపు తిరిగిపోయి.

ఇక మిగిలింది కాగితమే. అసర్ తర్వాత అత్తవారి లోగిలికి వెళ్లాడు. అల్హాజీ గనీయు చేతులు చాపి నిలబడితే దర్జీ వేడుక బట్టలకు కొలతలు సరిచూస్తున్నాడు. ఆయన ముఖంలో పెళ్లికొడుకు కళ కనిపిస్తోంది.

"రా అల్లుడూ, రా! సమయానికొచ్చావ్. ఈ నీలం బాగుందా, తెల్లదే కట్టుకోనా?"

"రెండూ బాగున్నాయి మామా. శుక్రవారం తడబడకుండా ఒకసారి ఆ కాగితం చూసుకుందామని వచ్చాను."

"చూసుకో నాయనా, నీ ఇల్లు" అని ఆయనే ఇనప్పెట్టె తెరిచాడు.

హంబలి ఈసారి మొదటి పంక్తి నుంచి చదివాడు. మొదట్లోనే 'ఖాల' అన్న మాట ఉంది, అంటే 'చెప్పెను'. దాన్ని ఇంకో రకంగా చదవడానికి వీల్లేదు. నెత్తిన ఒకటే చుక్క. రెండో పంక్తిలో 'ఫీ' అన్న పొట్టి మాట. చుక్క కింద ఉంది. మూడో పంక్తిలోనూ అంతే. రాసినవాడు హజ్‌కు వెళ్లిరాలేదు, వెళ్లొచ్చినా మారలేదు. అనుమానానికి ఇంక చోటే లేదు. జీవితమంతా అనుమానం తీరితే సంతోషించిన మనిషి, మొదటిసారి తీరినందుకు ఏడవబోయాడు.

"ఏంటి అల్లుడూ, మొహం అలా వాడిపోయింది? సరిగ్గా తిన్నావా?" అన్నాడు మామగారు. హంబలి తలూపి, కాగితం మడిచి ఇచ్చేశాడు.

గురువారం పొద్దున్న బడికి తయారవుతూ ఉండబట్టలేక సిఫావుతో అనేశాడు. ఆమె పిల్ల తల దువ్వుతోంది. బరకాతును బయటికి పంపించి తలుపు వేసింది.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"అయితే ఇప్పుడు విన్నదాన్ని నేనూ వినలేదు. బరకాతు నాన్నా, నీకు తెలియక చదివావు. తెలియనట్టే ఇంకోసారి చదువు. ఒక్క చుక్క కోసం మా నాన్నను వీధిలో నిలబెడతావా? నీ కూతుర్ని రేపు పెళ్లికి అడిగేవాళ్లు ఏమని అడుగుతారు?"

"అక్షరం అది. నేను మార్చలేను సిఫావూ."

"మార్చమని ఎవరన్నారు? ఆదివారం దానంతటదే మారిందిగా! నీ అక్షరాలు నీ పుస్తకాల్లో ఉంటాయి. మేం ఆ వీధిలో ఉండాలి." ఆమెకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. హంబలి బండి తాళాలు చేత్తో పట్టుకునే ఇల్లంతా బండి తాళాల కోసం వెతికాడు.

శుక్రవారం జుమా అయింది. లోగిలి వాకిట్లో షామియానా, చాపల మీద నలభై మంది అల్ఫాలు, వెనక ఆడవాళ్లు. ముందు వరసలో బాబా రుఫాయి. అల్హాజీ గనీయు చివరికి నీలమే కట్టుకున్నాడు. పక్కన తలపాగా గుడ్డ పట్టుకుని సంబో శాఖకు పెద్ద అయిన అల్హాజీ సాని. కమాలు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. కాగితాన్ని పళ్లెంలో పెట్టి ఉస్తాద్‌కు అందించారు.

హంబలి లేచాడు.  ఆడవాళ్ల వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు. సిఫావు తల దించుకుని ఉంది.

"పెద్దలు క్షమించాలి" అన్నాడు. "ఇది మన తాతల చేతిరాత. ఆదివారం నాటికి ఈ రాత నాకు రాదు. రానిది వచ్చినట్టు చదివాను. నేను చదివినదాన్ని లెక్కలోకి తీసుకోకండి."

 గనీయు ముఖం పాలిపోయింది. కమాలు ఫోన్ దించాడు.

"అంటే? తప్పు చదివావా? అయితే ఒప్పు ఏంటో చదువు!"

"నాలుగు రోజుల చదువుతో నేను చదవకూడదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఈ రాత చదివినవాళ్లు ఇక్కడ నలభై మంది ఉన్నారు. వాళ్లే చదువుతారు" అని హంబలి కాగితం ముందుకు చాపాడు.  అక్షరం మీద అబద్ధం ఆడలేదు. కానీ ఈ నిజం తన పెళ్లాంబిడ్డల మీద ఎలా పడబోతోందో చూడటానికి ధైర్యం చాల్లేదు. కళ్లు మూసుకున్నాడు.

కమాలు ఆ కాగితం లాక్కుని మొదటి అల్ఫా ముందు పెట్టాడు. "చదవండి."

ఆయన కాగితం వైపు చూడను కూడా లేదు. "కళ్లజోడు ఇంట్లో మర్చిపోయొచ్చాను నాయనా."

రెండో ఆయన జేబులు రెండూ తడుముకున్నాడు. "అరెరే. నాదీ అంతే."

మూడో ఆయనా అంతే. నాలుగో ఆయనకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. "నాకింకా కళ్లజోడు రాయలేదు. రాయించుకోవాలి" అన్నాడు వినయంగా. వెనకాల ఎవరో దగ్గి నవ్వాపుకున్నారు. కమాలు వరస మొత్తం తిరిగి, చెమటలు కక్కుతూ బాబా రుఫాయి దగ్గరికొచ్చాడు. బాబా ముక్కు మీద ఇంత మందం అద్దాలున్నాయి, దారంతో చెవులకు కట్టి మరీ.

"మీకు ఉందిగా బాబా! పెట్టుకునే ఉన్నారుగా!"

"ఇది దూరం చూసేది నాయనా" అన్నాడు బాబా నిమ్మళంగా. "దగ్గరిది ఇంటి దగ్గరుంది."

"నలభై మందీ ఒకేసారి మర్చిపోయారా?"

"శుక్రవారం కదా, తొందరలో వచ్చేశాం" అన్నారెవరో.

అప్పుడు అల్హాజీ సాని లేచాడు. కమాలు చేతిలోంచి కాగితం మెల్లగా తీసుకుని పెట్టెలో పెట్టించాడు. "కూర్చోరా. నువ్వు లాగోస్‌లో ఉండగా మీ నాన్న పోతే, శవానికి స్నానం చేయించింది ఎవరనుకున్నావ్? ఈ గనీయే" అన్నాడు. తర్వాత తలపాగా గుడ్డ విప్పి, తన చేతుల్తోనే గనీయు తలకు చుట్టడం మొదలుపెట్టాడు. బాబా రుఫాయి ఫాతిహా ప్రార్థన అందుకున్నాడు. నలభై గొంతులు కలిశాయి. సిఫావు ముసుగులో మొహం దాచుకుని భుజాలు కదిలేలా ఏడ్చింది.  అందరికీ తెలిసిందే తను నాలుగు రోజులు వెతికాడని హంబలికి అప్పటికి గానీ అర్థం కాలేదు.

భోజనాల దగ్గర బాబా పక్కనే చోటు దొరికింది. ఉస్తాద్ ముద్ద కలుపుతున్నాడే గానీ నోట్లో పెట్టుకోవడం లేదు.

"ఊళ్లో ఇంతమంది ఉంటే ఆదివారం నిన్నే ఎందుకు పిలవమన్నాననుకున్నావ్?" అన్నాడు బాబా గొంతు తగ్గించి.

"మీరా పిలవమన్నది?"

"మరి? ఆ రాత రానివాడు కావాలన్నారు రెండు వైపుల ముసలివాళ్లూ. ఎంత వెతికినా నువ్వొక్కడివే దొరికావు."

కైరోలో నాలుగేళ్లు, బళ్లో పదహారేళ్లు. అంత చదువూ కలిపి తనను ఎంచుకున్నది తెలియనితనం కోసమని విని హంబలి చెవులు భగ్గుమన్నాయి. "నలుగురిలో గాడిదను చేశారు. బుధవారం మీ గుమ్మం దాకా వచ్చాను బాబా. ఒక్క మాట చెప్పి ఉంటే..."

"అడిగితే చెప్పేవాణ్ణి. చూడ్డానికొచ్చానన్నావ్." బాబా చేయి కడుక్కుని, తడి చేత్తోనే అతని మోకాలి మీద తట్టాడు. "ఎలాగోలా నేర్చుకున్నావు. మంచిదే. రేపట్నుంచి నిన్నూ ఇళ్లకు పిలుస్తారు, పెట్టెలు తెరుస్తారు. ఇక నువ్వూ ఒక కళ్లజోడు చేయించుకో."

"నాకు కళ్లు బాగానే కనబడతాయి బాబా" అన్నాడు హంబలి కటువుగా.

"అందుకే చేయించుకోమంటున్నా. ఇంట్లో మర్చిపోవడానికి."